మేస్త్రి జేబులో బల్బు

మా మేస్త్రి పోయారన్న కబురు ఆయన భార్య నోటితోనే విన్నాను. పొద్దున్న ఏడు గంటలకి మెకానిక్ షెడ్డు తాళం తీస్తుంటే ఫోను మోగింది. "తమ్ముడూ, మీ మేస్త్రి లెగట్లేదు. ఎంత కదిపినా లెగట్లేదు. నువ్వొకసారి రా" అంది ఆవిడ. గొంతులో ఏడుపు లేదు. బండి స్టార్ట్ కావడం లేదని చెప్పినట్టే చెప్పింది. నేనూ బుద్ధి లేనివాణ్ణి, కరెంటు చూసే టెస్టరు చేత్తో పట్టుకుని బయల్దేరాను. వాళ్ళ వీధి మలుపు తిరిగాక గానీ అది నా చేతిలో ఉందన్న సంగతి చూసుకోలేదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు. ఉన్నన్నాళ్ళూ ఒకచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోని మనిషి ఆయన. అన్నం కూడా పళ్ళెం పట్టుకుని బళ్ళ చుట్టూ తిరుగుతూ తినేవారు. అలాంటి మనిషి వెల్లకిలా, చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకుని ఉంటే వేరే ఎవరినో చూస్తున్నట్టు అనిపించింది. ఇంతలో లేచి "ఏటి బావా, పని లేదేటి?" అంటారనే చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. బాగున్న బ్యాటరీని మూడుసార్లు చూశాను. సర్దిన వైర్ల డబ్బా కింద పోసి మళ్ళీ సర్దాను. టీ చెప్పి, అది వచ్చేలోపే లేచి వెళ్ళిపోయాను. మేస్త్రి గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా మల్కాపురం మిత్రులు అడిగారు. నాలుగు కాదు, నలభై రాయగలను. కానీ వాటి మధ్యలో నా మాట ఒకటి ఉంది. ఆరేళ్ళుగా మింగి కూర్చున్న మాట. దాన్ని దాటేసి ఆయన గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది. అందుకని కొంచెం ఓపిక పట్టండి, అక్కడికే వస్తాను.

మల్కాపురంలో ఒకే రేకుల కప్పు కింద మావి రెండు షెడ్లు. ఇంజను పని ఆయనది, వైరింగు నాది. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాను. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తుందని ఎదురుచూసి, అది రాక, తొంభైల చివర్లో ఆ షెడ్డులో చేరాను. ఆయనది మూడో తరగతి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. మాకు ఏ చుట్టరికమూ లేదు, అయినా మొదటి రోజే నన్ను బావా అన్నారు. నేను మేస్త్రీ అనేవాణ్ణి. మా వైపు గౌరవం ఎంత ఉన్నా ఎదురుగా మాట్లాడితే నువ్వు అనే అంటాం, అది వేరే సంగతి.

విప్పిన ప్రతి నట్టునీ చొక్కా జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. కింద పెడితే పోతుందట. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ చొక్కా ఉతికేటప్పుడు మేస్త్రమ్మ అవి ఏరి ఒక గిన్నెలో వేసి ఉంచేది. "మీ మేస్త్రి జేబులో ఎప్పుడు సెయ్యెట్టినా ఇనుపముక్కలే తమ్ముడూ. ఒక్కనాడు పువ్వో పండో తగిల్తే ఒట్టు" అనేది నాతో. మర్నాడు పొద్దున్న ఆ గిన్నె పట్టుకొచ్చి, ఏ నట్టు ఏ బండిదో తడుముకోకుండా చెప్పేవారాయన.

ఆ రోజుల్లో ఆయన దగ్గరికి పికప్ కోసం వచ్చేవాళ్ళు. బండి తొక్కగానే దూకాలి, అంతే వాళ్ళకి కావలసింది. నేవీ క్వార్టర్స్ నుంచి, స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ నుంచి, ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చేవారు. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేవారు. తరవాత కార్బొరేటరు విప్పి, పెట్రోలు పోయే చిన్న రంధ్రం ఉన్న జెట్టు తీసి ఇంకొకటి వేసేవారు. ఇంజనుకి ఎప్పుడు నిప్పు అందాలో చూసే డిస్ట్రిబ్యూటరుని వెంట్రుకవాసి తిప్పేవారు. ఆ బండి ఆ సాయంత్రమే బీచ్ రోడ్డులో రుషికొండ దాకా రివ్వున పోయి వచ్చేది. "ఇంజను అబద్దమాడదు బావా. మన సెవే అప్పుడప్పుడు అబద్దమాడతాది" అనేవారు. నాకు ఆయన చెవి మీద కాస్త అసూయ ఉండేది. నా చదువు పక్కన పెడితే నా దగ్గర అలాంటిదేమీ లేదు.

రెండువేలు దాటాక కంప్యూటరు బళ్ళు వచ్చాయి. కార్బొరేటరు లేదు. పెట్రోలు ఎంత కొట్టాలో, ఎప్పుడు నిప్పు వెయ్యాలో లోపల ఒక డబ్బా చూసుకుంటుంది. ఇంజను చుట్టూ దానికి మనుషులున్నారు, సెన్సర్లని. ఒకటి వేడి చెబుతుంది, ఒకటి గాలి చెబుతుంది, పొగగొట్టంలో ఉన్నది పొగ వాసన చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెబుతుంది. ఏదైనా తేడా వస్తే డాష్‌బోర్డు మీద పసుప్పచ్చటి ఇంజను బొమ్మ వెలుగుతుంది.

మేస్త్రి మొదటిసారి ఒక ఆఫీసరుగారి అబ్బాయి కారుకి పాత పద్ధతిలోనే పికప్ పెంచబోయారు. జెట్టు లేదు కదా, అందుకని ట్యాంకుకి వెనక్కి పోయే పెట్రోలు గొట్టాన్ని కొంచెం నొక్కి, ఇంజనుకి ఎక్కువ అందేలా చేశారు. రెండు రోజులు కారు ఎగిరింది. మూడో రోజుకి మామూలైపోయింది. పొగ వాసన చూసే సెన్సరు పెట్రోలు ఎక్కువైందని చెప్పడం, డబ్బా కోత పెట్టడం, అంతా దానంతట అదే జరిగిపోయింది. మేస్త్రి బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు. "నానిచ్చింది ఇచ్చినట్టే ఎనక్కి తీసీసుకుంటంది బావా ఇది. అత్తగారిలాగ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ రోజంతా స్క్రూడ్రైవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ షెడ్డంతా తిరిగారు. ఆయన చెవికి పని పోయింది. నాకేమో లోపల కొంచెం సంబరంగా ఉంది. ఇక నుంచి బళ్ళన్నీ వైర్లే కదా, నా రాజ్యమే అనుకున్నాను. ఆ సంబరమే కొంప ముంచింది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు యారాడ నూకరాజు. సముద్రం మీద చేపల వేటకి పోయే మనిషి. అన్నదమ్ములు కలిసి చేపలు మార్కెట్టుకి చేర్చడానికి ఒక సెకండ్ హ్యాండ్ వ్యాను కొన్నారు. కంప్యూటరు వ్యానే. యారాడ నుంచి ఎటు రావాలన్నా కొండ ఎక్కి దిగాల్సిందే కదా. కొన్న కొత్తలో బాగానే ఎక్కిన వ్యాను, ఒక వానాకాలం గడిచేసరికి ఐసు, బుట్టలు, మనుషులు ఉంటే కొండ సగంలో మలుపు దగ్గర ఆయాసపడేది. ఆడవాళ్ళు దిగి, బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ మలుపు నుంచి పైదాకా నడిచేవారు. నూకరాజు వాళ్ళమ్మ కూడా వచ్చింది షెడ్డుకి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే మాట్లాడగల మనిషి ఆవిడ.

"నలబయ్యేళ్ళు బుట్ట నెత్తినెట్టుకుని ఆ కొండెక్కాను. బండి కొన్నాక కూడా నడకేనేటిరా? ముందర నిమ్మకాయలెట్టి ఎనకాల తొయ్యడానికా దీన్ని కొన్నాది?" అని మేస్త్రిని నిలదీసింది, బండి ఆయనే అమ్మినట్టు.

మేస్త్రికి ఆవిడ తెగ నచ్చేసింది. "అమ్మా, నువ్వు సీట్లోంచి దిగకుండా, బుట్ట దించకుండా కొండెక్కిత్తాను. ఇది నా మాట" అన్నారు.

"మాటిచ్చీసినావ్. సూద్దాం మరి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

వారం రోజులు ఆయన ఆ వ్యానుతో తంటాలు పడ్డారు. ప్లగ్గులు మార్చారు, ఫిల్టరు మార్చారు, గొట్టాలు కడిగారు. బండి ఖాళీగా బాగానే పోతుంది, బరువు పడితే మొరాయిస్తుంది. డాష్‌బోర్డు మీద లైటు వెలగలేదు కాబట్టి కంప్యూటరుకి ఏ కంప్లైంటూ లేదనుకున్నాం ఇద్దరమూ. ఇచ్చిన మాట ఆయన్ని నిలవనివ్వడం లేదు. అదిగో అప్పుడు నేను నోరు తెరిచాను.

"మేస్త్రీ, దీనికి అబద్ధం చెబుదాం" అన్నాను. ఇంజను వేడి చెప్పే సెన్సరు తీసేసి, దాని వైర్లకి ఒక రెసిస్టరు కట్టేస్తే చాలు. బియ్యపుగింజంత ముక్క. ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉందని కంప్యూటరు అనుకుంటుంది. చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. పొగ సెన్సరు మాట కూడా అప్పుడు పట్టించుకోదు. ఎవరో చెబితే విన్నాను, ఒకచోట చదివాను కూడా. నాకు తెలిసింది అంతవరకే. తెలియనిది ఇంకొకటి ఉందన్న అనుమానం కూడా రాలేదు, ఐటీఐ చదివినవాణ్ణి కదా.

మేస్త్రి ఒప్పుకోలేదు మొదట. "అబద్దం సెప్పి పని సేయించుకోడవేటి బావా?" అన్నారు. నేను పట్టుబట్టాను. కంప్యూటరు సంగతి నీకేం తెలుసు మేస్త్రీ అని కూడా అన్నాను. ఆ మాట ఆయనకి తగిలింది, నాకు తెలుస్తూనే ఉంది. సరే కానీ అన్నారు. నా చేతులతో నేనే కట్టాను. డాష్‌బోర్డు మీది వేడి ముల్లుకి సెన్సరు వేరే ఉంది, అది కొంచెం పైకెక్కినా ఏమీ కాదని నేనే ఆయనకి చెప్పాను, ఆయన అదే మాట నూకరాజుకి చెప్పారు.

తొమ్మిది రోజులు వ్యాను కొండ బాగానే ఎక్కింది. పదో రోజు ఎండ ముదిరింది. చేపలు ఎత్తేదాకా వ్యాను ఇసకలో స్టార్టింగులోనే నిలబడింది. తరవాత నిండు బరువుతో కొండెక్కింది. ఆ బండికి రేడియేటరు ఫ్యాను వెయ్యాల్సింది కూడా ఆ కంప్యూటరే. ఇంజను చల్లగా ఉందని మనం చెప్పాం, అది నమ్మింది, ఫ్యాను వెయ్యలేదు. ముల్లు పైకి పోతుంటే నూకరాజు మేస్త్రి మాట గుర్తు చేసుకుని తొక్కాడు. మలుపు దగ్గర ఆవిరి కమ్మేసింది. ఆపి, గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు.

మణికట్టు నుంచి మోచేయి దాకా కాలిపోయింది. కుడి చెయ్యి. వల లాగే చెయ్యి.

ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మ మా ఇద్దరినీ చూసి లేచింది. "ఏటి సేసినార్రా మా ఓడి బండికి?" అంది. నేను నోరు తెరవబోయాను. మేస్త్రి తన కాలితో నా పాదం మీద గట్టిగా నొక్కారు. "నానే అమ్మా. తప్పు నాదే. నా సేతులారా సేసినాను" అన్నారు. ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన తల వంచుకుని అన్నీ విన్నారు. నేను పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా పాదం నొప్పి పుడుతూనే ఉంది.

బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర అడిగాను, ఎందుకలా అన్నావని. "నువ్వు షెడ్డెట్టి ఎన్నాళ్ళయింది? ఇద్దరు పిల్లలు నీకు. ఇలాటి మాట బైటికొత్తే రేపు నీకు వైరింగెవుడిత్తాడు? నాది పాత బండి బావా. ఇంకో గీత పడినా ఎవుడికీ అవుపడదు" అన్నారు. టీ గ్లాసు కింద పెట్టి, "నీకు సెప్పాలనిపించినప్పుడు నువ్వే సెప్పు. నాను మాత్రం సెప్పను" అన్నారు. నూకరాజు చెయ్యి మానాక చెబుదాం అనుకున్నాను. మానాక, వేటకి పోవడం మొదలుపెట్టనీ అనుకున్నాను. ఆ తరవాత అనుకోవడం కూడా మానేశాను. పిరికితనానికి ఎప్పటికీ ముహూర్తం దొరకదు.

వ్యానుని వేరే మెకానిక్ దగ్గరికి తీసుకుపోతారనుకున్నాం. తాడు కట్టి మా షెడ్డుకే లాక్కొచ్చారు. "సెడగొట్టినోడి సేతే బాగుసేయించాల" అని వాళ్ళమ్మ పట్టుబట్టిందట. మేస్త్రి హెడ్డు విప్పి, కాలిపోయిన గ్యాస్కెట్ మార్చి, ఇంజను నిలబెట్టారు. రెసిస్టరు పీకి నా చేతిలో పెట్టి, వేడి సెన్సరు మళ్ళీ వేయించారు. అంతా అయ్యాక సీట్లో కూర్చుని కీ తిప్పుతూ, ఆపుతూ, మళ్ళీ తిప్పుతూ ఉన్నారు.

"బావా, మిగతా బళ్ళకి కీ తిప్పగానే ఇంజను బొమ్మ ఎలిగి, స్టార్టయ్యాక ఆరిపోద్ది కదా. దీనికి ఎలగనే ఎలగదేటి?"

ఎన్నోసార్లు చూసిన డాష్‌బోర్డే. నాకు తట్టనేలేదు. విప్పి చూశాను. లైటు ఉండాల్సిన చోట బల్బు లేదు, ఖాళీ గూడు ఉంది. నూకరాజుకి అమ్మినవాళ్ళెవరో, బేరం చెడకుండా దాన్ని పీకేసి ఉంటారు. కొత్త బల్బు వేసి కీ తిప్పాను. లైటు వెలిగింది. ఇంజను స్టార్ట్ చేశాను. ఆరలేదు.

కంపెనీ పుస్తకానికి నా దగ్గర జిరాక్స్ కాగితాలున్నాయి. డాష్‌బోర్డు కింద ఉన్న చిన్న ప్లగ్గులో రెండు రంధ్రాలు వైరు ముక్కతో కలిపితే ఆ లైటు మిణుకుతుంది. ఎన్ని మిణుకులో లెక్కపెడితే జబ్బేమిటో ఆ కాగితాల్లో ఉంటుంది. మేస్త్రికి ఇంగ్లీషు రాదు, లెక్క వచ్చు. పానాతో తలుపు మీద దరువు వేస్తూ లెక్కపెట్టారు. "ఒకటి, రెండు. ఆగింది. ఒకటి." మళ్ళీ రెండు, ఆగి ఒకటి. కాగితంలో చూశాను. యాక్సిలరేటరు ఎంత తొక్కారో చెప్పే సెన్సరు పనిచెయ్యడం లేదు.

వెళ్ళి దాని క్లిప్పు ఊడదీశాను. లోపలంతా చిలుము. చేపల బుట్టల్లోంచి కారిన ఐసునీళ్ళు, ఉప్పునీళ్ళు, వానాకాలమంతా అందులోకి దిగాయి. వైర్లు నావి. ఆ క్లిప్పు చూడాల్సింది మొదటి రోజునే, నేనే. ఇంజనుకి కొత్త బలం ఏదీ అక్కర్లేకపోయింది. అబద్ధం అంతకన్నా అక్కర్లేకపోయింది.

మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. "కొండెక్కుతన్నామని పాపం దానికెవుడూ సెప్పలేదు బావా. సదును రోడ్డు మీదున్నాననుకుంటంది" అన్నారు. "సెప్పుకుందామని సూసింది. నోరు పీకీసారు."

ఆ క్లిప్పు మార్చాక నూకరాజు వాళ్ళమ్మని ముందు సీట్లో, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెట్టి, నూకరాజు తమ్ముడు తోలుతుంటే మేస్త్రి వెనకాల చేపల మధ్య కూర్చుని కొండెక్కారు. వ్యాను ఎక్కడా ఆగలేదు. ఆవిడ దిగలేదు. ఇచ్చిన మాట నిలబడింది. కానీ ఆ మలుపు దగ్గర ఆవిడ వెనక్కి తిరిగి, "బండి బాగుసేసినావు. మా ఓడి సెయ్యో?" అందట. నూకరాజు చెయ్యి మానింది గానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. వల మీద తమ్ముళ్ళుంటారు, అతను వ్యాను తోలుతాడు. అప్పటి నుంచి ఆవిడ వ్యానెక్కిన ప్రతిసారీ ఆ మలుపు దగ్గర మేస్త్రికి అక్షింతలు పడేవి. షెడ్డుకి వచ్చినప్పుడు ఎదురుగానే తిట్టేది. ఆయన మెడ గోక్కుంటూ నవ్వి, టీ తెప్పించేవారు. నేను ఏదో ఒక బండి కిందకి దూరేవాణ్ణి.

ఆ తరవాత ఆయన పని చేసే తీరు మారింది. ఎంత పెద్ద కారు వచ్చినా, ఎవరి కారు వచ్చినా, ముందు కీ సగం తిప్పి ఆ లైటు కోసం చూసేవారు. "ముందు ఎలగాల. తరవాత ఆరాల. ఎలగకుండా ఊరుకుందంటే నమ్మకు" అనేవారు. చొక్కా జేబులో నట్లతో పాటు చిన్న బల్బులు రెండు కాగితంలో చుట్టి ఉంచుకునేవారు. బల్బు పీకేసిన బండి కనబడితే అడక్కుండా వేసేసేవారు. సెకండ్ హ్యాండ్ బళ్ళ బేరగాళ్ళకి ఆయన పేరు చెబితే ఒళ్ళు మంట.

పికప్ కావాలని వచ్చేవాళ్ళు తగ్గలేదు. రుషికొండ వైపు కంప్యూటరు కంపెనీలు వచ్చాక ఇంకా ఎక్కువయ్యారు. ఒక అబ్బాయి సైలెన్సరు మార్పించుకుని, గాలి ఫిల్టరు తీయించేసుకుని, మధ్యలో ఏదో చిప్పు పెట్టించుకుని వచ్చాడు. లైటు వెలుగుతోంది, దాన్ని ఆర్పేస్తే చాలన్నాడు. మేస్త్రి అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "దీనికి బలం ఇయ్యాలంటే ఇద్దాం బాబూ. దీనికి సెప్పి ఇద్దాం. తెలీకుండా ఇత్తే అది ఇంకో పక్క కోత పెడతాది. ఎక్కడ పెడతాదో నీకూ తెల్దు, నాకూ తెల్దు" అన్నారు. అతను విన్నాడో లేదో తెలియదు. లైటు ఆర్పకుండానే వెళ్ళిపోయాడు.

తరవాత నేను, బండి కంప్యూటరు చెప్పేది చదివే స్కానరు కొన్నాను. తెర మీద వచ్చింది నేను చదివి చెబితే ఆయన కళ్ళు మూసుకుని వినేవారు, పాత స్క్రూడ్రైవరు పిడికి చెవి ఆనించినట్టే. తరవాత లేచి వెళ్ళి బండిని కూడా వినేవారు. "అది సెప్పింది ఇను బావా. కాని అదే నిజం అనుకోకు. దానికి ఎవుడో సెప్పిందే అది మనకి సెప్తాది" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు నూకరాజు వాళ్ళమ్మ గుర్తొచ్చేది. ఆవిడ కూడా అంతే కదా. ఎవరో చెప్పిందే నమ్మి తిడుతోంది.

ఆయన పోయిన ఐదో రోజు మేస్త్రమ్మ నన్ను పిలిచి, చివరి రోజు వేసుకున్న చొక్కా జేబులోవి చేతిలో పెట్టింది. నాలుగు నట్లు, కాగితంలో చుట్టిన రెండు బల్బులు. "ఈ నట్లు ఏ బండివో సూడు తమ్ముడూ, ఆళ్ళకి అవసరం పడతాయి" అంది. నాకు తెలియలేదు. అవి ఏ బండివో ఆయనొక్కడికే తెలుసు. వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర, "అందరూ వచ్చినారు. యారాడ ముసలమ్మే రాలేదు. ఇంకా కోపం పోలేదేమో. ఆయనకి ఆవిడంటే ఇష్టం" అంది. మామూలుగానే అంది. నేను ఆ బల్బులు జేబులో వేసుకుని షెడ్డుకి ఎలా వచ్చానో నాకు తెలియదు.

నూకరాజు షెడ్డు ముందు వ్యాను ఆపుకుని ఉన్నాడు. "పలకరింపుకి ఎల్తన్నాను. మా అమ్మని రమ్మంటే రానంది" అన్నాడు. ఎక్కి కూర్చుని కీ సగం తిప్పాడు. లైటు వెలిగింది. మేస్త్రి నేర్పిన అలవాటే, చూసి గానీ స్టార్ట్ చెయ్యడు. నేను తలుపు పట్టుకున్నాను.

"నూకరాజూ, ఆ రోజు ఆ పని చేసింది మేస్త్రి కాదు. నేను. ఆయన వద్దన్నాడు. నేనే వినలేదు. నేనే కట్టాను."

అతని చెయ్యి కీ మీదే ఉంది. కాలిన చెయ్యి. లైటు వెలుగుతూనే ఉంది. ఏమంటాడో అని చూస్తున్నాను.

"నాకెందుకు సెప్తన్నావ్?" అన్నాడు. "నాను ఎప్పుడో ఒగ్గీసాను. ఒగ్గనిది మా అమ్మ. ఎక్కు. ఆవిడికి సెప్పు."

ఇంజను స్టార్టయింది. లైటు ఆరింది. నూకరాజు వ్యానుని యారాడ వైపు తిప్పాడు.

ఆవిడ ఇంటి ముందు ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. నేను నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా, ఆసుపత్రిలో ఆయన నా పాదం తొక్కిన సంగతితో సహా. ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి ఇసకలో గుచ్చింది.

"మరి ఆడు 'నానే' అని ఎందుకన్నాడు?"

"నా పేరు చెడిపోతుందని."

ఒక కాకి వస్తే అదిలించింది. మళ్ళీ చేపల వైపు చూసింది. "ఆరేళ్ళు తిట్టానురా ఆడ్ని. ఆ మలుపు కాడ ఒక్కనాడు మానలేదు" అంది. నన్ను తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి, చేతులు కడుక్కుని, చీర మార్చుకొచ్చి వ్యాను ముందు సీట్లో కూర్చుంది. "ఆడింటికి పదండి" అంది.

వ్యాను కొండ ఎక్కుతోంది. ఎక్కడా ఆయాసపడలేదు. నేను వెనకాల, ఒకప్పుడు ఆయన కూర్చున్న చోట కూర్చున్నాను. మలుపు రాగానే ఆవిడ, "ఆపరా" అంది.

"ఎందుకమ్మా, బండి లాగుతంది కదా" అన్నాడు నూకరాజు.

"లాగుతాదని తెలుసు. నాను దిగుతన్నాను."

దిగింది. అక్కడి నుంచి పైదాకా నడక మొదలుపెట్టింది. ఎండలో, చెప్పుల్లేకుండా, రోడ్డు వారగా. నెత్తి మీద ఏమీ లేకపోయినా, బుట్ట ఉన్నట్టే మెడ నిటారుగా పెట్టుకుని నడుస్తోంది. నూకరాజు హారన్ కొట్టలేదు, పిలవలేదు. ఫస్ట్ గేరులో, ఆవిడ వెనకాలే, మెల్లగా పోనిచ్చాడు.